తుడిచేసిన తుప్పు

ఆవిడ పుట్టేటప్పుడే చేతిలో తుడుపుగుడ్డతో పుట్టిందని మొగుడి వేళాకోళం. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? గూడ్సు రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులో ఉద్యోగం. ఉన్నన్నాళ్లూ ఇంటికి జిడ్డూ మసీ మోసుకొచ్చాడు. రిటైరయ్యాక ఏకంగా షెడ్డునే ఇంట్లోకి దించాడు. చిన్నగదిలో బల్ల వేసుకుని, జానెడు గూడ్సు పెట్టె చేయడం మొదలుపెట్టాడు.

డబ్బా రేకు కోసి గోడలు నిలబెట్టాడు. వెనకనుంచి మేకుమొనతో నొక్కి రివెట్లు తేల్చాడు. సన్నతీగ వంచి నిచ్చెన అతికించాడు. తలుపు నిజంగానే పక్కకు జరిగేది.

"ఇంత బొమ్మకి ఇంత చాకిరీ ఏంటండీ?" అందావిడ.

"షెడ్డులో ఏ పెట్టెనూ నేనొక్కణ్ణే చేశానని చెప్పుకోలేను కదోయ్. ఇది మొత్తం నాది."

రంగు వేశాక గది తలుపేసుకుని పనిచేసేవాడు. పూర్తయ్యాకే చూడాలని ఆంక్ష. అంతలో జబ్బుచేసి ఆసుపత్రిలో పడ్డాడు.

ఆయన తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలని ఆవిడ నడుం బిగించింది. చిన్నగది తెరిస్తే ప్రాణం ఉసూరుమంది. పెట్టె నిండా గోధుమరంగు మరకలు, పైన బొగ్గుపొడిలా మసి. మూసిన గదిలో పాడైపోయిందనుకుంది. తడిగుడ్డతో, పసిబిడ్డ మొహం తుడిచినంత మెల్లగా తుడిచి ఆరబెట్టింది.

ఆయన ఇంటికొచ్చాడు గానీ చూపు బాగా మందగించింది. పెట్టెను ఒళ్లో పెట్టించుకున్నాడు.

"తుప్పు చూశావుటోయ్? రంగుసుద్ద నూరి, పెన్సిలు ముల్లు పొడి చేసి అద్దాను. వాన పడితే నిచ్చెన కింద ఎలా కారుతుందో, అచ్చం అలా. సగం చాకిరీ దానికే అయింది. నాకిప్పుడు ఆనడం లేదు. బాగా కుదిరిందా?"

ఆ చాకిరీ అంతా ఆవిడ బకెట్టు నీళ్లలో కలిసిపోయింది.

"కుదిరిందండీ. షెడ్డులోంచి ఇప్పుడే వచ్చినట్టుంది."

"మురికని తిట్టవేం మరి?"

"దీన్ని తిట్టనులెండి."

ఆయన ఎంత మురిసిపోయాడో. "అయితే దీన్ని మాత్రం తుడవకు."

"సరేనండీ" అంది. ఆ మొహం చూశాక నిజం చెప్పడం వాయిదా వేసింది. చెప్పాలో వద్దో తేల్చుకోకముందే ఆయన కన్నుమూశాడు.

ఇప్పటికీ ఆవిడ ఇల్లంతా తుడుస్తుంది. ఆ బల్ల జోలికి మాత్రం పోదు. పెట్టె మీద దుమ్ము పేరుకుంటోంది. చూడ్డానికి వచ్చినవాళ్లు, ఆయన వదిలినది వదిలినట్టే ఉంచావమ్మా అని మెచ్చుకుంటారు. ఆవిడ తల వంచుకుంటుంది. ఆయన పెట్టిన మురికి వేరు, దానంతటది పడ్డ దుమ్ము వేరు. ఆ తేడా తెలిసినది ఇప్పుడు ఆవిడొక్కతికే.