దర్జీ నర్సింలు కుట్టిన ప్యాడ్లు

1948వ సంవత్సరం. సికింద్రాబాద్ నుంచి తిరుమలగిరి వెళ్ళే దారిలో మా ఇంటి ముందుగదే నా వర్క్‌షాపు. గుంటూరు వైపు నుంచి ఇరవయ్యేళ్ళప్పుడు వచ్చి, కంటోన్మెంటులో ఒక సైనిక పల్టన్ బ్యాండులో క్లారినెట్ వాయించి, తర్వాత ఒక మిషన్ బడిలో బ్యాండ్ మాస్టరుగా కుదిరాను. ఆ ఉద్యోగం మానేశాక ఊదే వాయిద్యాలు బాగుచేస్తూ, ఆదివారాలు చర్చి అయ్యాక నేర్చుకోవాలని వచ్చేవాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ అని మా ఆవిడ సుగుణ అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒక ఆదివారం దర్జీ నర్సింలు వచ్చాడు. తిరుమలగిరిలో అతని కొట్టు తెలియని సిపాయి ఉండడు. మెడలో కొలత టేపు, చేతిలో నల్లపెట్టె. పెట్టె తెరిస్తే లోపల ఆల్టో సాక్సోఫోన్. సాక్సోఫోన్లలో చిన్నవి ఉంటాయి, పెద్దవి ఉంటాయి, ఆల్టో మధ్యరకం. దొరల పల్టన్ కిందటి ఏడు ఊరు వదిలి వెళ్తూ ఉంటే, ఆ బ్యాండులో ఒకతను అతనికి ఇచ్చి వెళ్ళాడట.

"గిది నాకు నేర్పుతరా మాస్టర్ సాబ్?" అన్నాడు.

"నీకెన్నేళ్ళు నర్సింలూ?"

"నలబై ఆరు. ఇద్దరు మనుమలు."

"ఈ వయసులో దీని మీదికి మనసెందుకు పోయింది?"

"ఇరువై ఏండ్లసంది గా బ్యాండోళ్ళ కోట్లు కుట్టిన. ఛాతీ కొలత తీసేటప్పుడు జెర గాలి పీల్చుండ్రి దొరా అంటే, మామూలు సిపాయికి రెండించులు పెరిగితే గీళ్ళకు మూడున్నర పెరిగేది. గంత గాలి ఏడికి పోతదో సూడాలని ఉన్నది."

ఇంత మంచి జవాబు నాకు ఇంతవరకు ఏ శిష్యుడూ చెప్పలేదు. అప్పటికప్పుడే ఒప్పుకున్నాను.

మొదటి నెల అంతా లాంగ్ టోన్ ఒక్కటే. అంటే ఒకే స్వరాన్ని, ఊపిరి ఉన్నంతసేపు వణక్కుండా పట్టడం. పెద్దవయసు వాళ్ళు సాధారణంగా ఇక్కడే పారిపోతారు. వాళ్ళకు వారంలో పాట కావాలి. నర్సింలు ఊదితే మొదట్లో ఈనబోయే గేదె అరిచినట్టుండేది. సుగుణ వంటింటి తలుపు వేసుకునేది. అతను మాత్రం ఒక్కసారి కూడా పాట అడగలేదు. విసుగు రావడం లేదా అంటే, "బట్ట తడిపి ఆరెయ్యంది కత్తెర పెడ్తమా సార్? తర్వాత గుంజుకపోతది" అన్నాడు.

మూడో నెలలో ఒక ఆదివారం ముఖం వేలాడేసుకుని వచ్చాడు. బొల్లారంలో ఉండే అతని అన్న రాజయ్య మాట తెంపేశాడట. రాజయ్య కులంలో పెద్దమనిషి. నాలుగిళ్ళ తగవులు తీర్చేవాడు. తమ్ముడు ఎవడో దొర నోట్లో పెట్టుకున్న ఎంగిలి గొట్టాన్ని తన నోట్లో పెట్టుకుంటున్నాడనీ, పెళ్ళిళ్ళలో మేళం ఊదేవాళ్ళు వేరే ఉండగా కుట్టుపని చేసుకునే ఇంట్లో ఇదేం బుద్ధి అనీ ఆయన కోపం.

"గది ఇంట్ల ఉన్నన్ని రోజులు నా బంతిల కూసోకు అన్నడు సార్," అన్నాడు నర్సింలు. బంతి అంటే భోజనాల వరస. తోడబుట్టినవాణ్ణి బంతిలోంచి లేపడం కంటే పెద్ద శిక్ష వాళ్ళ ఇళ్ళలో లేదు.

మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకునే ముక్కు, నేను కొత్తది తెప్పించి ఇచ్చాననీ, దానికి కట్టే రీడ్ అనే పేముబద్ద ఎవరిది వారికేననీ రాజయ్యకు చెప్పమన్నాను. చెప్పాడు. ఆయన వినలేదు. "మానేస్తావా?" అని అడిగాను. నర్సింలు పెట్టె తెరిచి రీడ్ తడుపుకోవడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరులో నిజాం రాజ్యం మీదికి పోలీసు యాక్షన్ వచ్చింది. అంతకు ముందు నెలల్లోనే పెద్ద పెట్టె పట్టుకుని రోడ్డు మీద నడిస్తే తుపాకీ అనుకుని ఆపేవారు. నర్సింలు సాక్సోఫోన్‌ని సగం కుట్టిన కోటులో చుట్టి, ఇచ్చిరావాల్సిన బట్టలమూట లాగా నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. సైన్యం వచ్చిన ఆ వారం రోజులు మాత్రం ఎవరూ గడప దాటలేదు. ఆ ఒక్క ఆదివారమే అతని పాఠం తప్పింది.

దసరా వచ్చింది. పండగ మర్నాడు నర్సింలు మెరిసే ముఖంతో వచ్చి పెట్టె తెరిచాడు. సాక్సోఫోన్ గంటకు, అంటే వెడల్పాటి చివరకు, పసుపు, వేళ్ళతో నొక్కే ప్రతి కీ మీదా కుంకుమబొట్టు, మెడ దగ్గర బంతిపువ్వు. అంతవరకు బాగానే ఉంది. గదంతా కుట్టుమిషను నూనె వాసన!

"కుప్పెడు నూనె పట్టిచ్చిన సార్, మూతలన్నిటికి. ఇగ మస్తు మెత్తగ మోగుతది సూడుండ్రి."

ఒక కీ ఎత్తాను. చప్ మని అంటుకుని వచ్చింది. సాక్సోఫోన్ ఒంటినిండా ఇరవై పైచిలుకు రంధ్రాలుంటాయి. ప్రతి రంధ్రానికీ ఒక మూత, మూత అడుగున తోలు తొడిగిన చిన్న దిండు. దాన్నే ప్యాడ్ అంటాం. అది వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంటేనే స్వరం పలుకుతుంది. నూనె వేయాల్సింది కీలను కదిపే కడ్డీల దగ్గర, అదీ ఒక్కొక్క చుక్క. ఇతను దిండ్లన్నిటికీ తాగించాడు. అన్నీ ఉబ్బిపోయి బంకబంకగా ఉన్నాయి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇదేమన్నా కుట్టుమిషను అనుకున్నావా?" అని అరిచాను. వీధిలోకి వినబడేలా అరిచాను.

అతను బిత్తరపోయాడు. "మిషన్‌కు దసరానాడు అంతట నూనె ఏసి పూజ జేస్తం గద సార్. అది నాకు అన్నం పెడ్తున్నది. గిది పానానికి సుకం ఇస్తున్నది. దీన్ని ఇడిసి దానికొక్కదానికే ఎట్ల జెయ్యాలె?"

నాకు సిగ్గేసింది. పాతికేళ్ళుగా వాయిద్యాలతో బతుకుతున్నాను, ఒక్కనాడూ ఒక్కదానికి దండం పెట్టినవాణ్ణి కాను. నూనె తుడిచాను గానీ కుంకుమ తుడవడానికి చెయ్యి రాలేదు.

కొత్త ప్యాడ్లు మద్రాసు నుంచి రావాలి. నిజాం రాజ్యం సరిహద్దులు మూసిన రోజుల నుంచి నాకు పార్సిళ్ళే లేవు. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. సాక్సోఫోన్ నా బల్ల మీద మూగగా పడి ఉంది.

కార్తీకం చివర్లో రాజయ్య స్వయంగా మా ఇంటికి వచ్చాడు. తెల్లటి తలపాగా, చేతికర్ర, నిలువెత్తు మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మార్గశిరంల మా బిడ్డ పెండ్లి. మా ఇంటి సన్నాయోళ్ళు గా గడబిడల బెజవాడ దిక్కు పోయిండ్రు, ఇంక మర్లి రాలే. డోలాయన ఉన్నడు. సన్నాయి లేకుంట పుస్తె కట్టిస్తే ఎట్ల? మీ బ్యాండోళ్ళల్ల ఎవరన్న దొరుకుతరా?"

నాతో బ్యాండులో వాయించినవాళ్ళూ తలో దిక్కు పోయారు, నాకా ఈ పెళ్ళిపాటలు రావు. "ఒక్కడే ఉన్నాడండి. మీ తమ్ముడు," అన్నాను.

ఆయన గడప దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడిపోయి, నా వైపు తిరగకుండానే అన్నాడు. "వస్తే రమ్మనుండ్రి. మేళపోళ్ళ కాడనే కూసోవాలె. మొగపెండ్లోళ్ళు వాన్ని సూడలే. నా తమ్ముడని వాళ్ళకు తెల్వద్దు. ఇజ్జత్ పోతది."

నాకు ఒళ్ళు మండింది. ఆ పూటే నర్సింలు కొట్టుకు వెళ్ళి, ఈ మాట చెప్పి, రానని చెప్పెయ్యి అన్నాను. అతను కత్తెర ఆపలేదు.

"నేను సంకనెత్తుకొని తిప్పిన పిల్ల సార్. ఏడ కూసుంటే ఏంది? గని వాద్యం ఏదీ?"

పాడైన ప్యాడ్ ఒకటి జేబులో ఉంటే, కొత్తవి ఇక్కడ ఎందుకు చేసుకోలేమో చూపిద్దామని బ్లేడుతో కోశాను. అడుగున అట్టముక్క, దాని మీద ఫెల్ట్ అనే మందపాటి ఉన్నిగుడ్డ, పైన పల్చటి మేకపిల్ల తోలు. నర్సింలు దాన్ని వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, ఒక్కసారి నవ్వేశాడు.

"గిది బట్ట గుండీ గద సార్! దొరసాని గౌన్లకు ఇసుంటియి ఎన్ని వేలు కుట్టిన్నో!"

కొట్టు వెనక ట్రంకుపెట్టె తెరిచాడు. బాగుచేయమని ఇచ్చి, తీసుకోకుండానే వెళ్ళిపోయిన ఆఫీసర్ల తెల్ల తోలు గ్లవ్స్ నాలుగు జతలున్నాయి. కోటు కాలర్ అడుగున వేసే ఫెల్ట్ ఎటూ ఉంది. అట్ట నేనిచ్చాను. ఒక్కో రంధ్రం కొలత ఒక్కోటి. టేపు మెడలోనే ఉంది గానీ దాన్ని ముట్టలేదు. కంటితో చూసి గుండ్రంగా కత్తిరించాడు. తోలు లాగి చుట్టి, వెనక దారంతో కుచ్చులా ముడిచేవాడు. నేను మూతలో లక్క కరిగించి అతికించేవాణ్ణి.

మొదటి పదిలో ఆరు గాలి వదిలాయి. ప్యాడ్ కింద సిగరెట్ కాగితం పెట్టి మూసి లాగితే బిగుసుకోవాలి. జారి వస్తే సందు ఉన్నట్టు. వెనక దారం ముడి మందమై ప్యాడ్ ఒక పక్కకు ఒరుగుతోంది. నేను తల పట్టుకున్నాను. నర్సింలు బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి, తడిగుడ్డ వేసి, ఒక్కో ప్యాడ్‌ని వెనక నుంచి అణిచాడు. కోటు మడత ఎలా కూర్చోబెడతాడో అలాగే. ఈసారి కాగితం కదల్లేదు.

మూడో రోజు సాయంత్రం అన్ని కీలూ మూసి ఊదమన్నాను. సాక్సోఫోన్‌లో అడుగు స్వరం పలకాలంటే అన్ని ప్యాడ్లూ ఒక్కసారిగా సరిగ్గా కూర్చోవాలి. ఒక్కటి దగా చేసినా అది రాదు. నర్సింలు ఊదాడు. నేల అదిరేలా వచ్చింది. సుగుణ వంటింటి తలుపు తెరుచుకుని వచ్చి నిలబడింది. మద్రాసు ప్యాడ్లతో నేను బాగుచేసిన ఏ సాక్సోఫోనూ అలా పలకలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి అప్పట్లో నాకు కొంచెం కష్టమైంది. ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాను.

పెళ్ళికి మిగిలిన పది రోజులు నేను స్వరాల పుస్తకం మూసేశాను. అతని భార్య పెళ్ళిపాటలు పాడుతుంటే విని పట్టుకున్నాడు. స్వరం నుంచి స్వరానికి జారే సన్నాయి జారుళ్ళు పెదవితో ఎలా తేవాలో మాత్రం నేను చూపించాను.

పెళ్ళి బొల్లారంలో. రాత్రిపూట తిరగడానికి ఇంకా ఆంక్షలు ఉండడంతో పొద్దున ముహూర్తమే పెట్టుకున్నారు. పందిరి చివర, డోలాయన పక్కన నర్సింలు, అతని పక్కన నేను. ప్యాడ్ ఊడితే అతికించడానికి నా జేబులో లక్క, స్పిరిట్ దీపం. మొదట్లో రెండుచోట్ల కీచుమంది. నాకు చెమటలు పట్టాయి. అతనికి పట్టలేదు. మూడో పాటకు ఆడవాళ్ళు మాటలు ఆపి ఇటు చూశారు. పుస్తె కట్టే వేళ డోలు ఉరిమింది, దాని మీద సాక్సోఫోన్ ఎగిరింది. పందిట్లో అందరూ పిల్ల మీద అక్షింతలు చల్లారు. సొంత చిన్నాయనకు మాత్రం చేతులు ఖాళీ లేవు. ఊదుతూనే, కన్నీళ్ళు తుడుచుకోలేక వాటినలాగే కారనిచ్చాడు.

భోజనాలకు పిలిచారు. మేళం వాళ్ళకు పందిరి బయట వేరే విస్తళ్ళు వేశారు. నర్సింలు సాక్సోఫోన్ తుడుచుకుంటున్నాడు. అప్పుడే పెళ్ళికొడుకు తండ్రి, రాజయ్యతో కలిసి అటుగా వచ్చి ఆగాడు.

"బ్యాండాయన మస్తుగ ఊదిండు బావా. ఏడికెళ్ళి పిలిపిచ్చిండ్రు? మా చిన్నోని పెండ్లికి సుత చెప్పాలె."

నర్సింలు తల ఎత్తలేదు. తుడిచే గుడ్డ మాత్రం ఆగిపోయింది. నేను రాజయ్య ముఖం చూడలేక డోలు వైపు చూస్తున్నాను. ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"బ్యాండాయన గాదు బావా. నా తోడబుట్టినోడు. మా నర్సింలు. పిల్లకు చిన్నాయిన." తర్వాత గొంతు పెంచి అన్నాడు. "తమ్మీ, గాడ ఏం జేస్తున్నవ్? లే. బంతి కూసుంటున్నది. నా పక్కకు రా."

నర్సింలు లేచాడు. చేతిలో వాద్యం ఎక్కడ పెట్టాలో తెలియక నాకు ఇవ్వబోయాడు. నా కంటే ముందే రాజయ్య చెయ్యి చాచాడు. సాక్సోఫోన్‌ని రెండు చేతులా అందుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని, తమ్ముణ్ణి ముందు నడిపించుకుంటూ పందిట్లోకి వెళ్ళాడు.

తర్వాత ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నా శిష్యులు పెద్ద పెద్ద బ్యాండుల్లో వాయించారు. అయినా నా గొప్ప శిష్యుడెవరని ఎవరైనా అడిగితే దర్జీ నర్సింలు పేరే చెబుతాను. చెప్పేటప్పుడు మీసం మెలేస్తానని సుగుణ ఎగతాళి చేసేది. మెలేస్తే తప్పేముంది? వయసు మీరినవాళ్ళు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఇప్పుడు మాకు వస్తుందా మాస్టారూ అని అడిగేవారు. ఆ పెళ్ళికి ముందైతే వాళ్ళ వయసు అడిగేవాణ్ణి. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. మీ చేతులు ఏం పని చేస్తాయని మాత్రమే అడిగేవాణ్ణి.