మూడు కుంపట్లు, ఒక వియ్యపురాలు

వియ్యపురాలిని పొగడడానికి ఎవరికీ నోరు రాదు. నాకూ చాలాకాలం రాలేదు. మా అమ్మాయి పెళ్ళినాటి నుంచి ఆవిడదీ నాదీ ఎడమొహం పెడమొహమే. అయినా ఉన్నమాట దాచుకునే అలవాటు నాకు లేదు కనుక రాస్తున్నాను. ఆవిడ పట్టు పట్టిందంటే ఉడుము కూడా సిగ్గుపడాలి.

ఉద్యోగమంతా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గరిటె తిప్పింది. రిటైరయ్యాక అందరూ కాళ్ళు చాపుకుంటే, ఈవిడ ఇంటి వెనక షెడ్డులో మళ్ళీ పొయ్యి వెలిగించింది. తనలాంటి ఆడవాళ్ళను నలుగురిని కూడగట్టి, వండుకోలేని ముసలివాళ్ళకు మధ్యాహ్నం క్యారేజీలు పంపడం మొదలుపెట్టింది. అదే పేటలో రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన వృద్ధుల సంఘం పెట్టుకున్నారు. ఆయనకు వ్యాను ఉంది. ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టే నర్సమ్మది ఇంకో సంఘం. ఎవరి కుంపటి వారిదే, ఎవరి బ్యానరు వారిదే.

ముగ్గురి సేవా మెయిన్ రోడ్డు మీది ఇళ్ళకే. వెనక సందులో మూడో అంతస్తులో ఒక ముసలి టైలరు ఒంటరిగా ఉంటాడు. మోకాళ్ళు పోయి, పాదానికి పుండు పడి, ఆయన మెట్లు దిగలేడు. వీళ్ళకు ఎక్కే ఓపిక లేదు. చలికాలంలో మాత్రం ముగ్గురూ తలో దుప్పటి పట్టుకుని ఎక్కారు, ఫొటో కోసం. ఆయన గదిలో దుప్పట్లు మూడు, నోట్లోకి ముద్ద లేదు.

ఆ సంగతి ఆలస్యంగా తలకెక్కి మా వియ్యపురాలు మాస్టారి ఆఫీసుకు బయల్దేరింది. "తోడు రండి వదినగారూ" అంటే వెళ్ళాను. తగువు చూడడం నాకిష్టమే.

"మాస్టారూ, మీ వ్యాను మా క్యారేజీలు మొయ్యాలి," అంది కూర్చోకుండానే.

"మొయ్యొచ్చమ్మా. వ్యాను మీద ఎవరి బోర్డుంటుంది?"

"ఆకలేసినవాడు బోర్డు తింటాడా?"

"అలాగంటే ఎలా? రేపు దాతలు అడుగుతారు."

"అడిగితే నా దగ్గరికి పంపండి. భోజనం పెట్టి మరీ చెప్తాను."

మాస్టారు నవ్వలేదు. ఆవిడా వదల్లేదు. చెప్పులరిగేలా తిరిగింది. నర్సమ్మను ముందే తనవైపు తిప్పుకుంది. చివరికి మాస్టారు, "ఈవిడకి సరేననడమే సుఖం," అని ఒప్పుకున్నారు. వంట ఒకరిది, బండి ఒకరిది, మందు ఒకరిది, ముసలివాళ్ళు అందరివారూ అనుకున్నారు.

పదిమందిలో పాము చావదని నేనప్పుడే అన్నాను. నా మాట ఎవరు వింటారు?

వారం తిరక్కుండానే అయింది. నర్సమ్మ ఎలాగూ పైకి వెళ్తుంది కదా అని, డ్రైవరు టైలరు క్యారేజీ కింది మెట్టు మీద పెట్టి పోయాడు. నర్సమ్మ ఆ రోజు వేరే వీధికి వెళ్ళింది. షెడ్డులో వీళ్ళు, పంపేశాం కదా అనుకున్నారు. మర్నాడు నర్సమ్మ వెళ్ళేసరికి ఆయన గుమ్మం దగ్గర సొమ్మసిల్లి ఉన్నాడు. నీళ్ళు పట్టి లేపింది. లేచాక ఆయన చేసిన మొదటి పని, ఆమెను బయటికి పంపి గడియ పెట్టుకోవడం.

సాయంత్రం షెడ్డులో పంచాయితీ.

"వంట మీది. బాధ్యతా మీదే," అన్నారు మాస్టారు.

"బండి మీదండీ," అంది నర్సమ్మ.

"అందుకే, ఎవరి దారి వారు చూసుకోవడం మంచిది."

మా వియ్యపురాలు గరిటె కింద పెట్టింది. "విడిపోండి, నాకేం? కానీ ఆ గడియ తీయించాక విడిపోండి. కట్టు మార్చకపోతే ఆయన కాలు పోతుందని ఈ అమ్మాయి మొత్తుకుంటోంది. ముగ్గురం కలిసి ఆ తలుపు మూయించాం. ముగ్గురం కలిసి తెరిపిద్దాం. పదండి."

మెట్లెక్కేసరికి మాస్టారికి ఆయాసం, ఆవిడకు మోకాళ్ళ నొప్పి, నాకు కోపం. తలుపు కొట్టాం.

"ఎవరు?"

"మేమే అన్నయ్యగారూ. భోజనం తెచ్చాం," అంది మా వియ్యపురాలు.

"మేమంటే ఎవరు?"

"పొరపాటైంది తాతా. ఇకమీదట అందరం చూసుకుంటాం," అంది నర్సమ్మ.

"అందరూ చూసుకునే నిన్న నన్ను చంపబోయారు. ఒక్కటి చెప్పండి. రేపు భోజనం రాకపోతే నేనెవర్ని తిట్టాలి?"



"నన్ను తిట్టండి," అంది మా వియ్యపురాలు.

"నువ్వు పొయ్యి వదిలి రోజూ ఈ మెట్లెక్కగలవా తల్లీ? నీ మూలుగు నాకిక్కడికి వినిపించింది."

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. అడగలేదు, చూసిందంతే. ఆ ఇరుకు మెట్ల మీద ఆ చూపు తప్పించుకోవడానికి చోటు లేదు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నన్నూ తిట్టండి."

"నన్నూ అంటే కుదరదు. ఇద్దరైతే మళ్ళీ మొదటికొస్తుంది."

"సరే. నన్నే. నన్నొక్కణ్ణే తిట్టండి."

"ఆ దుప్పటి ఫొటోలో నడిమధ్య నిలబడ్డది మీరేనా?"

"నేనే."

"అయితే నిన్నటి తిట్లు మిగిలిపోయాయి. ముందవి పట్టండి."

తిట్టాడు. గుడ్డ కత్తిరించినట్టు, ఎక్కడా పోగు వదలకుండా తిట్టాడు. జీవితమంతా పిల్లలను తిట్టిన మాస్టారు చేతులు కట్టుకుని విన్నారు. అన్నీ అయ్యాక గడియ తీసిన చప్పుడైంది. నర్సమ్మ పుండు కడిగి చూసి, "కాలు దక్కుతుంది తాతా," అంది.

విడిపోయే మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. మాస్టారు రోజూ ఆయాసపడుతూనే ఎక్కుతున్నారు. వంట ఎవరిదైనా బండి ఎవరిదైనా, ఒక్కో గుమ్మానికి ఒక్కరిదే జవాబుదారీ అని మా వియ్యపురాలు తేల్చింది. కొత్త సంఘాలవాళ్ళు కలుస్తామని వస్తే ఒకటే అడుగుతుంది, "సంతోషం. ఏ గుమ్మం తిట్లు తీసుకుంటారు?" అని. సగంమంది టీ తాగి వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళతోనే ఇప్పుడు పేటంతా నడుస్తోంది. నాకూ ఒక గుమ్మం అంటగట్టింది. అక్కడ తిట్టేది వాళ్ళా నేనా అన్నది ఇంకా తేలలేదు.