సమానంగా వేసిన యూరియా

పక్కింటి అత్త మంగళవారం పొద్దున పోయింది. నారు పీకటానికి బయల్దేరుతూ గడపలోనే కూలబడిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడే నరసరావుపేటలో బస్సు దిగాను. అక్కడే వెనక్కి తిరిగాను. దారి పొడుగునా దుఃఖం కంటే నా మీద నాకు కోపమే ఎక్కువగా వచ్చింది.

ఆమె మా ఊరి నాట్ల ముఠాకు పెద్ద. ఈపూరు చుట్టుపక్కల వరి మళ్లలో ఆమె చెయ్యి పడనిది తక్కువ. మూడేళ్ల కిందట మా వ్యవసాయ ఆఫీసు వాళ్లు ఒక పాత వరి రకాన్నీ ఒక కొత్త రకాన్నీ పక్కపక్కన వేయించి, పెరుగుదల, దిగుబడి పోల్చాలనుకున్నారు. ఆ మళ్లకు నేను ఫీల్డ్ అసిస్టెంటును. దుబ్బుకు ఎన్ని పిలకలు వచ్చాయో లెక్కపెట్టి రాసేవాణ్ణి. అత్త పక్కన వంగి చూసి, "ఆ బక్కయి వదిలెయ్‌రా, అయి కంకెయ్యవు" అనేది. కోత ముందు చూస్తే ఆమె మాటే నిజమయ్యేది. పైరును చూడటం నాకు వచ్చిందంటే ఆమె చలవే.

రెండు మళ్లకూ ఒకే మోతాదు యూరియా చల్లే రోజున ఆమె గట్టు మీద అడ్డంగా నిలబడింది.

"పాతది పొడుగు పెరిగే రకం సారూ. అంత తట్టుకోలేదు, పడిపోద్ది. దానికి సగమే ఎయ్యండి."

"పరీక్షన్నాక రెండిటికీ సమానంగా ఉండాలమ్మా" అన్నాడు మా అధికారి.

"ఇదేం సమానం? నాకూ నా మనవరాలికీ ఒకటే కొలతతో జాకెట్టు కుడతారా?"

ఆయన నవ్వి, చల్లమని చెయ్యూపాడు. రెండు మళ్లకూ సమానంగా తూచి ఇచ్చింది నేను. పాత రకం ఆమె భుజం దాకా పెరిగింది. కోతకు వారం ముందు గాలివానకు మడంతా పడిపోయి, కంకులు నీళ్లలోనే మొలకెత్తాయి. పాత రకం దిగుబడి తక్కువని నివేదికలో ఒక్క ముక్క రాశారు. పడిపోయిన సంగతి లేదు, యూరియా సంగతి అసలే లేదు. దాన్ని టైపు చేసింది నేనే.

నిరుడు అత్త తన కౌలు పొలంలో రెండు రకాలూ వేసింది. పాతదానికి యూరియా సగమే చల్లింది. అది పడిపోలేదు. కోతలప్పుడు నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది.

"కాటా తీసుకొని రారా. కొత్తదే ఎక్కువ పండిద్ది, నేను కాదనటంలా. పాతది ఎంత పండిద్దో సరిగ్గా రాయమంటన్నా, అంతే."

రేపు, ఎల్లుండి అంటూ గడిపాను. నేను వెళ్లేసరికి, మబ్బు కమ్ముకొచ్చిందని రెండు రకాలూ కలిపి ఒకే రాశిగా ఎత్తేశారు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "వచ్చే యేడు మళ్లీ ఏస్తాలే, అప్పుడన్నా రా" అంది.

ఆ పొలం ఇక చెయ్యలేమని కోడలు చెప్పింది. తూచాల్సిన పంట ఇంక లేదు.

ముఠా ఆడవాళ్లు మడిలోంచి నేరుగా వచ్చారు. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. వసారా పాడవుతుందని వాకిట్లోనే నిలబడ్డారు. పీకిన నారు వాడిపోతోందని రైతు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, అత్తను సాగనంపాక మళ్లీ వెళ్లి మడిలోకి దిగారు. నేను గట్టు మీద కాసేపు నిలబడ్డాను. అందరూ వరసగా వంగి ఉన్నారు. నీళ్లలో చేతులు పడే చప్పుడు మాత్రం వినిపిస్తోంది.