మామయ్య ముందస్తు చప్పట్లు

మా మామయ్యకున్నది ఒకే ఒక్క జబ్బు. ఏదీ పూర్తి కాకముందే చప్పట్లు కొట్టేస్తాడు. సభలో వక్త "చివరిగా ఒక్క మాట" అనడమే ఆలస్యం, టప్ టప్ టప్! ఆ ఒక్క మాట ఏమిటో ఇంతవరకూ ఎవరూ విని ఎరగరు. పదో తరగతి ఫలితాల్లో నా నంబరు ఇంకా వెతుకుతుండగానే కొట్టేశాడు.

పైగా ఆయన వృత్తి గడియారాల రిపేరు!

"ఊరందరి టైమూ సరిచేస్తావు, నీ చేతులకే టైము తెలీదేంట్రా?" అని అమ్మ దెప్పేది.

"నా చేతులు గడియారం ముళ్లు కావు కదక్కా!"

ఈ జబ్బుకి ఎక్కువగా బలైంది మా నాన్న. ఒకప్పుడు ఆయన ఒక రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. రెండు గిటార్లు, ఒక బేస్, నాన్న. పాడేవాళ్లు లేరు. "మీ పాటల్లో మాటలేవండీ?" అని అడిగితే, "మాటలు మీ దగ్గర దండిగా ఉన్నాయిగా" అనేవాడు. అభిమానులు గుప్పెడే. కానీ హాల్లో కరెంటు పోయినా కుర్చీ వదలని రకం.

మొదటి వరసలో మామయ్య. వాయిద్యం మంచి పట్టు మీదుండగా టప్ టప్ టప్! వెంటనే హాలంతా అందుకునేది. ఇంటికొచ్చాక ప్రతిసారీ అదే భాగోతం.

"నీ తమ్ముడు నా పరువు తీస్తున్నాడే!"

"బాగుందని కొట్టాను బావా!"

"అయ్యాక కొట్టరా!"

"అయ్యేదాకా ఎవడాగుతాడు?"

బ్యాండు ఆగిపోయి పాతికేళ్లయింది. ఈమధ్య మా ఏడేళ్ల పాప స్కూలు వార్షికోత్సవంలో కీబోర్డు వాయించాల్సి వచ్చింది. రిహార్సల్లో ఒకచోట తడబడింది. పిల్లలు నవ్వారు. ఏడుస్తూ దిగొచ్చి, "ఇంకోసారి ఎవరైనా నవ్వితే జన్మలో దీన్ని ముట్టుకోను" అంది. నాకు అన్నం సయించలేదు. ఏమేం ప్రమాదాలు జరగవచ్చో కాగితం మీద రాసుకున్నాను. కరెంటు, కీబోర్డు, జలుబు. అన్నిటికంటే పైన, మామయ్య.

"ఆయన్ని పిలవొద్దు" అన్నాను నా భార్యతో.

పాపకి ధైర్యం వస్తుందని తాతయ్య సంగీతం వినిపించాలనుకున్నాను. అటక మీది కాసెట్లు దింపి కంప్యూటర్లోకి ఎక్కించాను. స్టూడియోలో చేసిన ఒక్క కాసెట్టూ ఇస్త్రీ చొక్కాలా ఉంది. మడత నలగలేదు, లోపల మనిషి లేడు. కచేరీల కాసెట్లు పెట్టగానే మాత్రం నా చిన్నతనం గదిలోకి నడిచొచ్చింది. కుర్చీల కిర్రులు, ఎవరిదో దగ్గు, పుల్లలు కొడుతూ నాన్న లెక్క, "వన్, టూ..."

కంప్యూటర్ తెర మీది శబ్దపు గీతల్లో చప్పట్లు తాటిచెట్లలా నిలబడ్డాయి. సైన్సు చదివిన పాపానికి లెక్కపెట్టాను. పదకొండు కాసెట్లలో, వాయిద్యం మధ్యలోనే, నలభైఒక్క సార్లు. ప్రతిదానికీ ముందేముందో వేగం తగ్గించి విన్నాను. ముప్పై ఎనిమిది చోట్ల నాన్న దరువు తప్పాడు. తప్పిన అరక్షణానికి చప్పట్లు. ఆ హోరులో నాన్న సర్దుకున్నాడు. జనానికి తప్పు వినపడనే లేదు.

మిగతా మూడూ మామయ్య ఉత్త తొందర.

నాన్న దగ్గరికి పరిగెత్తి, "మామయ్య ఎందుకు కొట్టేవాడో నీకు తెలుసా?" అన్నాను. ఆయన పేపరు దించలేదు.

"తెలీకపోతే ప్రతిసారీ వాడికి మొదటి వరసలో కుర్చీ ఎందుకు వేయించేవాణ్ణిరా?"

"మరి అన్ని తిట్లు తిట్టావు!"

"పొగిడితే గుట్టు బయటపడదూ?"

అటునుంచి అటే గడియారాల కొట్టుకి వెళ్లాను. మామయ్య కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు.

"మామయ్యా, శనివారం నువ్వు రావాలి. మొదటి వరస. పాప ఎక్కడ తప్పుతుందో రికార్డు చేసి తెచ్చాను, విను."

"అదెందుకురా? వేళ్లు తప్పేముందు భుజం బిగుసుకుంటుంది. మీ నాన్నకీ అంతే" అన్నాడు, తల ఎత్తకుండానే.

శనివారం పాప వాయిస్తోంది. ఆ చోటు వచ్చింది. భుజం బిగుసుకుంది. వేలు జారింది.

టప్ టప్ టప్!

హాలంతా అందుకుంది. పాప ఒక్కసారి తలెత్తి చూసి, నవ్వి, చివరిదాకా వాయించేసింది. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే మామయ్య మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు కొట్టవేం?"

"నా వంతు అయిపోయిందిగా!"

అంతలో ప్రిన్సిపాల్ మైకు అందుకుని, "చివరిగా ఒక్క మాట..." అన్నారు.

మామయ్య కొట్టేశాడు. ఈసారి పక్కనున్న నాన్న కూడా.