ఎడమ చేతి కట్టు

ఏళ్ళ తరబడి గుండెల మీద పెట్టుకు మోస్తున్నానండీ దీన్ని. మా ఆయనక్కూడా చెప్పలేదు. నా పేరు మాత్రం అడక్కండి.

మాది ఆకివీడు. మాకు చేపల చెరువులున్నాయి. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పటి మాట. దానిది ఎడమ చేతివాటం. అక్షరాభ్యాసం నాడు కుడిచెయ్యి పట్టుకుని బియ్యంలో దిద్దించబోతే, విడిపించుకుని ఎడంచేత్తో గీసేసింది. అందరిముందూ నాకు తల కొట్టేసినట్టయింది. అన్నం కుడిచేత్తో తినడం మా అత్తగారు ఎలాగో అలవాటు చేశారు గానీ, పెన్సిలు మాత్రం ఎడమ చేతిలోకే పోయేది. రాత కోడి కెలికినట్టుందని స్కూల్లో టీచరు చెప్పి పంపేది. మా తోడికోడలి కొడుకు రాతేమో అచ్చుగుద్దినట్టుండేది. ఆవిడ ఏమీ అనేది కాదు, ఊరికే చూసేది. ఆ చూపుకే నాకు ఒళ్ళు మండేది.

రోజూ సాయంత్రం నేనే కూర్చోబెట్టి దిద్దించేదాన్ని. మొదట్లో స్కేలుతో మెల్లిగా. తర్వాత స్కేలు నిలబెట్టి కణుపుల మీద. చున్నీతో ఆ చేతిని కుర్చీకి కట్టేసిన రోజులూ ఉన్నాయి. అది ఏడ్చేది కాదు. ఏడిస్తే ఆపేదాన్నేమో. నిజంగా ఆపేదాన్నా? ఇప్పుడు ఎన్నయినా అనుకుంటాను.

ఆ రోజు పూరీలు ఒత్తుతున్నాను. అది పక్కనే బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. తిరిగి చూస్తే పెన్సిలు ఎడమ చేతిలో ఉంది. 'అ' పొందిగ్గా, గుండ్రంగా కుదిరింది. అంత బాగా కుదిరినందుకే నాకు పిచ్చికోపం వచ్చింది. దాని చెయ్యి బల్లకేసి అదిమి, అప్పడాల కర్రతో కొట్టాను. కొట్టి ఊరుకున్నానా? అది చెయ్యి లాక్కోబోతుంటే ఇంకా గట్టిగా పట్టుకుని మళ్ళీ కొట్టాను. మొదటి దెబ్బంటే కోపంలో పడిందనుకోవచ్చు, రెండోది చూసి, గురిపెట్టి వేశాను. పుటుక్కుమంది. చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది. అప్పుడు అరిచింది నా తల్లి.

మా ఆయన చెరువు దగ్గర్నుంచి పరుగున వచ్చారు. ఏమైందని అడిగే తీరిక కూడా లేకుండా దాన్ని భీమవరం ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దారంతా ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. డాక్టరుగారు నన్ను అడగనేలేదు.

"ఏమ్మా, ఎలా తగిలింది?" అని దాన్నే అడిగారు.

అది నావంక చూసింది. "బాత్రూంలో జారిపడ్డానండీ" అంది.

ఆ మాట నేను నేర్పలేదండీ, ఒట్టు. అంత పసిది నన్ను కాపాడింది. మరి నేనేమన్నాను? "చెబితే వినదండీ, ఎప్పుడూ పరుగులే" అన్నాను.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. చేతికి కట్టు కట్టి, కదపకూడదన్నారు. నాకు సంతోషం వేసింది. ఇక కుడిచేత్తో రాయక ఏం చేస్తుందిలే అనుకున్నాను. విప్పే రోజొస్తే, ఇంకా నొప్పంటోందని అబద్ధమాడి వాయిదా వేయించాను. తీరా విప్పేసరికి వేలు బిగుసుకుపోయింది. ఈలోగా కుడిచేతి రాత కుదిరింది. అంతా అమ్మవారి దయ అన్నారు మా అత్తగారు. వెళ్ళి కొబ్బరికాయ కొట్టొచ్చాను. సిగ్గులేని మనిషిని.

ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. మొన్న ఇంటికొచ్చిన చుట్టాలకి మా ఆయన దాని రాత చూపించి మురిసిపోతుంటే, ఇంత చక్కగా ఎవరు నేర్పారమ్మా అని ఒకాయన అడిగారు.

"మా అమ్మేనండీ" అంది, టీ కప్పులు అందిస్తూ. నావంక చూడలేదు.

మా ఆయన గర్వంగా నవ్వారు. నేనూ నవ్వాను. అది కోపంతో అందా, మళ్ళీ నన్ను కాపాడటానికే అందా? అడిగే ధైర్యం నాకు లేదు.

అది జారి పడలేదండీ. నేను విరిచాను. ఈ మాట ఇవాళే నోరు దాటింది, కాస్త ఊపిరాడుతోంది. దాని వేలు మాత్రం ఇప్పటికీ వంగదు.