రాకెట్టుని అంటే కత్తెర ఆగుతుంది

వీధంతా బాబాయి అని పిలిచే ఆ క్షౌరశాల యజమానికి ఉన్న జబ్బు ఒక్కటే. అప్పుల్లో మునిగిన ప్రభుత్వానికి రాకెట్లెందుకని ఎవరైనా అంటే చాలు, కత్తెర ఆపేస్తాడు. ఆ మాట వెనక్కి తీసుకుంటేనే మిగతా సగం క్షవరం.

ఒకసారి బ్యాంకు మేనేజరు దొరికిపోయాడు.

"జీతాలకే దిక్కు లేదు, చంద్రుడి దాకా ఎందుకయ్యా?"

"అప్పుందని మీ అబ్బాయిని చదువు మాన్పించారా సార్?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"కాదంటే దిగండి."

మేనేజరూ మొండివాడే. ఒక చెంప నున్నగా, రెండో చెంప నిండా నురగతో బ్యాంకుకి నడిచి వెళ్ళాడు. పోనీ బాబాయికి ఏమైనా తెలుసా అంటే, చంద్రుడు ఎంత దూరమో కూడా తెలియదు. అడిగితే, "ముందు ఒప్పుకోండి, తర్వాత కొలుచుకుందాం" అంటాడు.

బేరాలన్నీ ఎదురు షాపుకి తరలిపోతుంటే పిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఇలాగైతే దుకాణం మూతపడుతుంది. తాడో పేడో తేల్చుకుందామని ఓ మధ్యాహ్నం తనే వచ్చి కూర్చుంది.

బెంచీ మీద ఎప్పటిలాగే వడ్రంగి పేపరు చదువుతున్నాడు. కుర్చీలో కిరాణా కొట్టాయన.

"సముద్రంలో పడ్డ ఆ రాకెట్టు డబ్బుతో మన రోడ్డు వేసుండొచ్చు" అన్నాడు కొట్టాయన.

వడ్రంగి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కత్తెర ఆగింది.

"దిగు."

సగం తలతో కొట్టాయన తిట్టుకుంటూ పోయాడు. కాసేపటికి వడ్రంగి పేపరు మడిచి, "రేపొస్తా" అని నవ్వి వెళ్ళాడు.

పిన్ని విరుచుకుపడింది. "రాకెట్లతో మీకేం పని?"

"నాకేం పనే? నన్నడిగితే ముందు అప్పే తీర్చమంటాను."

పిన్ని నోరు తెరిచింది. "మరి ఈ చోద్యమంతా?"

"ఆ రాకెట్టు కట్టినవాళ్ళలో వడ్రంగి కూతురుంది. రాకెట్టు పడిపోయిన దగ్గర్నించీ ఎక్కడికెళ్ళినా అతనికి ఇవే మాటలు. ఇక్కడొక్క చోటైనా ఆ మాటలు పడకుండా కూర్చోనీ."

బాబాయి భోజనానికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే కొట్టాయన తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"పిన్నీ, సాయంత్రం పెళ్ళికెళ్ళాలి. బాబాయికి నువ్వైనా చెప్పు. రాకెట్లు కావాలి, ఒప్పుకున్నా."

పిన్నికి ఈ బేరం కావాలి. అయినా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ ఒప్పుకుంటే చెల్లదు. వడ్రంగి గారింటికెళ్ళి, మీ అమ్మాయి గొప్ప పని చేస్తోందని చెప్పిరా. వీధిలో వాళ్ళందరికీ వినపడాలి."

"ఈ తలతోనా?"

"ఆ తలతోనే" అంది పిన్ని.