పడుగు సందు కేసు

అంజవ్వ మగ్గం చప్పుడు వినకుంట సిద్దిపేటల ఆ వాడకు తెల్లారదు. పెనిమిటి పోయినా ఆమె నేత ఇడిసిపెట్టలే. నేతకు మగ్గమొక్కటే ఉంటే సాలదు, పొడుగాటి జాగ కావాలె. ఇంటి పక్క సందుల నూలు పోగులను ఈ కొస నుంచి ఆ కొసదాంక సాగదీసి, గంజి వెట్టి ఆరబెడితేనే పడుగు మగ్గమెక్కుతది. సందుకు అవతల ఇల్లు మరిది ఉప్పలయ్యది.

ఉప్పలయ్య కాలం చేసినంక ఆయన కొడుకు సంతోష్ కిరాయికి తిప్పెటందుకు కారు కొన్నడు. దాన్ని పెట్టుకుంటనని సందుకు ఇనుప గేటు బిగించి తాళమేసిండు.

"సందు మాది పెద్దమ్మా. కాయితాలల్ల గట్లనే ఉన్నది."

"మరి పడుగు ఏడ సాగదియ్యాల్రా, నీ కారు మీదనా?"

మాట మాట పెరిగి కోర్టు దాంక పోయింది.

"సందు ఇద్దరిదని మీ మరిది ఎన్నడన్న ఒప్పుకున్నడా అవ్వా?" అని అడిగింది అంజవ్వ తరఫు వకీలు స్వరాజ్యలక్ష్మి.

"ఎందుకు ఒప్పుకోలే! ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపుల నోటితోని చెప్పి పెట్టిండు."

"ఏదీ, ఇనిపియ్యి."

అంజవ్వ ఫోన్ తీసి మల్ల సంచిల వెట్టింది. పోయినాయన బట్టలు ఇంట్ల ఉంచనట్టే గొంతు గూడ ఉంచొద్దని, దినాల నాడు ఆమెనే దగ్గరుండి అందరి ఫోన్లల్లకెళ్లి చెరిపిచ్చింది. "ఉండనియ్యి అత్తా" అని కోడలు ప్రియాంక అన్నా ఇనలే.

"నా నోట్ల నేనే మన్ను కొట్టుకున్ననా బిడ్డా?"

"ఆగు. కన్న కొడుకు దగ్గర ఏడనన్న మిగిలి ఉండొచ్చు. కోర్టుకు కాయితమొక్కటే సాక్ష్యం గాదు, ఫోన్ల ఉన్న మాట గూడ లెక్కకొస్తది. ఫోన్ల ఏదీ చెరపొద్దని ముందుగాల సంతోష్‌కు నోటీసు ఇద్దాం. తన దగ్గర ఏమేం ఉన్నయో ప్రమాణం చేసి చెప్పాలని కోర్టుల దరఖాస్తు ఏద్దాం."

"లేదంటే?"

"ప్రమాణం మీద అబద్ధమాడితే ఆ తిప్పలు ఆయనయే."

దరఖాస్తు తేలేదాంక మగ్గం మీద పడుగు లేదు. అంజవ్వ పక్కింటోళ్లతోని కూసుని బీడీలు చుట్టింది. చేతులు ఆడినయి గని పానం ఆడలే.

జడ్జి దరఖాస్తు మంజూరు చేసిండు. సంతోష్ ప్రమాణపత్రం దాఖలు చేసిండు. బాపు ఉప్పలయ్య గొంతు తన ఫోన్ల ఉన్నదని అండ్ల రాసి ఉన్నది. అంజవ్వ కోర్టు వరండాల సంతోష్‌ను పట్టుకున్నది.

"నా ముందలనే చెరిపితివి గదరా!"

"నీ ముందల గ్రూపుల చెరిపిన. అంతకు ముందే వేరే దాసుకున్న. బాపు గొంతు ఎట్ల పారేస్త పెద్దమ్మా?"

కాపీ ఒక్కటే తెస్తే నడువదు గనుక ఫోన్ గూడ తెచ్చిండు. మాటల మార్పేం చెయ్యలేదని రాసిచ్చిండు. రెండు దిక్కుల వకీళ్ల ముందల ఉప్పలయ్య గొంతు లేసింది.

"వదినె, సందు మనిద్దరిది. అన్న, నేను కలిసి ఇడిసినం. పడుగు సాగదీసుకో, ఎవ్వడు అడ్డమొస్తడు? గని మా పోరడు కారు కొంటనంటుండు. మాపటికి వానికి గూడ జాగ ఇడువు. లొల్లి పెట్టుకోకుండ్రి."

మొదటి సగం ఇనంగ అంజవ్వ మొగం విచ్చుకున్నది. రెండో సగం ఆమెకు యాదిలనే లేదు.

"గిది గూడ అన్నడా?"

"మనకు పనికొచ్చే సగం ఏరుకుని మిగిలింది ఇడుస్తమంటే కుదరదు అవ్వా" అన్నది వకీలు.

కేసు సాగదీస్తే ఎవ్వలకూ లాభం లేదని రెండు దిక్కులోళ్లు రాజీ రాసుకున్నరు. గేటు పీకేయాలె. పొద్దంత సందు అంజవ్వది, మాపటికి కారుది.

గేటు పోయిన తెల్లారి సంతోష్ పొద్దెక్కినా లెవ్వలే. అంజవ్వ గంజి గిన్నె పట్టుకుని కారు ముందల నిలవడ్డది.

"లెవ్వురా! కోర్టుల సంతకం వెట్టి వచ్చి నిద్రవోతవా?"

"చాయ్ తాగి తీస్త పెద్దమ్మా."

"తీసి తాగు."